మంగళవారం ఆయుధపూజ

సర్వీసింగులో కుర్రాడు నా స్ప్లెండర్ బండి స్పార్క్ ప్లగ్గుని ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి కదా, అబ్బే, డైరెక్టుగా పానా పెట్టి అడ్డంగా బిగించేశాడు. నిన్న విప్పితే ప్లగ్గుతో పాటు ఇంజను హెడ్డులో మరలు కూడా వెండి తీగలా చుట్టుకుని వచ్చేశాయి. అడిగితే "అది ముందే పోయుంది సార్" అంటాడు, ఎంత శాంతంగానో.

వాడి మీద కోపంతో నేనే చేసుకుంటానని రాణిగంజ్ వెళ్లా. హెలికాయిల్ కిట్టు, అంటే పోయిన మరల చోట కొత్త మరగా ఎక్కించే తీగ స్ప్రింగు, అడిగితే షాపాయన మామూలు 10 ఎంఎం బోల్టుది, 1.5 పిచ్‌ది (మరకీ మరకీ మధ్య దూరం 1.5 ఎంఎం), చేతిలో పెట్టాడు. ప్లగ్గుకి 1 పిచ్ కావాలండీ అంటే "పదంటే పదే సార్". ఇంకో షాపులో దొరికింది లెండి.

మర కోసే ట్యాపుకి గ్రీజు పూసి లోహపు పొట్టు లోపల పడకుండా కొత్త మర కోశా, స్ప్రింగు ఎక్కించా. ఇక్కడిదాకా నేను ఇంజనీర్నే. ఆ స్ప్రింగు అడుగున చిన్న తోక ఉంటుంది, దాన్ని ముక్కు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని విరిచి బయటికి తీయాలి. విరిచా. తీయలేదు. టింగుమని సిలిండర్లో పడింది.

అయస్కాంతం పెడితే రాదు, స్టెయిన్‌లెస్ స్టీలు. అందుకని దేవుడి గదిలోంచి అగరుబత్తి ఒకటి తెచ్చి, పుల్ల చివర గ్రీజు అద్ది, పార్కింగులో మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి ఆ కన్నంలో కెలుకుతున్నా. వెనక నుంచి మూడో ఫ్లోర్ ఆంటీ "ఏం బాబూ, ఇవాళ ఆయుధపూజా?" అన్నారు. కాదాంటీ, తోక పడింది అన్నా. ఏ తోకో ఆవిడ అడగలేదు, నేనూ విడమర్చే స్థితిలో లేను. "వెలిగించకుండా పూజేంటి నాయనా" అని పైకెళ్లి అగ్గిపెట్టె తెచ్చారు. పెట్రోలు వాసన గుప్పుమంటున్న ఇంజను పక్కన అగ్గిపెట్టె! వద్దాంటీ వద్దు అని నేను లేచి అరుస్తుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు, వాడి వెనక వాడి పిల్లలు, ప్రసాదం ఏదని. ఆంటీ నొచ్చుకుని, పోనీ మంగళవారం కదా అని హెడ్‌లైటుకి కుంకుమ బొట్టు పెట్టి, ముందు టైరు కింద నిమ్మకాయ ఉంచి, "తొక్కించు" అన్నారు. ఎలా తొక్కించను? ప్లగ్గే లేదు. వాచ్‌మనూ నేనూ తోశాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈ గొడవలో నా మోకాలు తగిలి కన్నంలో ఉన్న పుల్ల రెండు ముక్కలైంది. ఒక ముక్కే దొరికింది.

ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకెళ్లా. ఎక్కడికని అడక్కండి, ఆ వీధిలో ఉన్నది వాడొక్కడే. హెడ్డు దించి, తోకా అగరుబత్తి ముక్కా అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఎవడు సార్ ఇందులో చెయ్యి పెట్టింది? అలాంటోళ్లకి బండి ఇయ్యకండి."

అని, హెడ్‌లైటు బొట్టుకేసి చూసి, "కొత్తగా కొన్నారా సార్?" అన్నాడు. 2011 మోడల్.