సవరణ: గౌట్ ఉన్నా పప్పు మానక్కర్లేదు

గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచి నొప్పి పుట్టే జబ్బు) ఉన్నవాళ్లు పప్పు, పాలకూర, పుట్టగొడుగులు మానేయాలని నా ముందు పోస్టులో ఉంది, ఆ వాక్యం తీసేస్తున్నాను. వాటిలో ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, ఉన్నమాట నిజమే. కానీ అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకే గౌట్ ఎక్కువగా వచ్చింది, ప్యూరిన్లున్న కూరగాయలతో ఆ ముప్పు పెరగలేదు, వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకున్నవాళ్లకైతే తగ్గింది కూడా.

మన బరంపురం, గోపాల్‌పూర్ వైపు తగ్గించుకోవాల్సినవి ఎండు నెత్తళ్లు, మేక కార్జం, బీరు, కూల్‌డ్రింకులు. రాయగడ, కొరాపుట్ వాళ్లు రాగి అంబలి నిశ్చింతగా తాగండి, సారా మాత్రం వద్దు.

ఇంకో మాట, ఇదే ముఖ్యం. ఒకాయన ఫోన్ చేసి పప్పు మానేశాను కాబట్టి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర కూడా ఆపేశానన్నారు, వినగానే నాకు టెన్షన్ వచ్చింది. పథ్యంతో యూరిక్ యాసిడ్ తగ్గేది కొంచెమే, రక్తంలో అది డెసిలీటరుకు 9 మిల్లీగ్రాములు ఉన్నవాళ్లకు 6 లోపుకి రావాలంటే సాధారణంగా మందు కావాల్సిందే, డాక్టరును అడగకుండా ఆపకండి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే పప్పు ఎంత తినాలో డాక్టరునే అడగండి.