కొంగను తిట్టే ముందు తొట్టి లోతు చూడండి

పెరట్లో తామర తొట్టి కట్టించుకోవడం మా శ్రీకాకుళంలోనూ మామూలైపోయింది. నీలం టైల్సు, మోకాలు దాటని నీళ్లు, అందులో ఎర్ర చేపలు. కొంగ ఆ రంగును పసిగట్టి రెండు పూటల్లో ఏరుకుపోతుంది. ఇంటివాళ్లు వెంటనే పాత నైలాన్ వల తెచ్చి వదులుగా పరుస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

లకుముకి పిట్ట పైనుంచి బాణంలా దూకుతుంది. ఆ సన్నని దారం దానికి కనబడదు. రెక్క చిక్కితే, పెనుగులాడినకొద్దీ వల బిగుసుకుంటుంది. మా వీధిలో ఒక ఇంట్లో నీరుకట్టె పాము అలాగే ఇరుక్కుని ఎండకు చచ్చిపోయింది. విషం లేని పాము! "పీడ పోయింది" అన్నారు. ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే ప్రాణులు. ఇదే జిల్లాలో, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. మనకెందుకు చేతకాదు?

అలాగని "ప్రకృతి అంతే, తిననివ్వండి" అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. చెరువులో చేపకు లోతుంది, నాచుంది, బురద ఉంది. మన తొట్టిలో చేపకు పారిపోయే దారే లేదు. కొని తెచ్చింది మనం, కాపాడాల్సిందీ మనమే.

కొంగ ఈదుతూ వేటాడదు. లోతు తక్కువ నీళ్లలో కదలకుండా నిలబడి పొడుస్తుంది. అందుకే తొట్టికి మెట్లూ వాలు అంచులూ వద్దు. గోడలు నిటారుగా, లోతు కనీసం మూడడుగులు, నీటిమట్టం అంచుకు బాగా కిందికి ఉంటే పిల్లి పంజా కూడా అందదు. అడుగున పగిలిన కుండలు, మట్టి గొట్టాలు వేయండి, చేపలు దూరి దాక్కుంటాయి. సగం నీటిని తామరాకులు కప్పాలి. లకుముకి వాలే కొమ్మ గానీ తీగ గానీ నీటి మీదికి ఉండకూడదు.

ఇంకా భయముంటే ఇనుప చట్రానికి సన్న కళ్ల జాలీ బిగుతుగా కట్టించి నీటికి అడుగు ఎత్తున పెట్టండి. ముక్కు అందదు, రెక్క చిక్కదు. వెల్డింగ్ షాపువాడికి అది పెద్ద పని కాదు.

వదులు వల వేసి ఉన్నవాళ్లు దాన్ని ఈరోజే తీసేయండి. చట్రం వచ్చేదాకా తొట్టి మీద కొబ్బరి మట్టలు అడ్డంగా పరిస్తే సరిపోతుంది. కొబ్బరితోటల ఉద్దానం పక్కన ఉన్నవాళ్లం, మట్టలకు కొదవేముంది?