కనిగిరి నీళ్లకు క్లైమాక్స్ లేదు

వికలాంగుల మీద చిన్నచూపును మా ప్రకాశం జిల్లా ఏనాడో జయించేసింది. నమ్మకం లేకపోతే ఒంగోలులో ఏ సినిమా హాలుకైనా వెళ్లి చూడండి. తెర మీద మాట రాని హీరోయిన్ చేతులు తిప్పుతుంటే బాల్కనీ మొత్తం ముక్కు చీదుతుంది. ఆట వదిలాక మూడుచక్రాల బండి అడ్డమొస్తే "ఏయ్ కుంటోడా, పక్కకు లాగు" అనేదీ ఆ బాల్కనీయే అనుకోండి. పాపం, వాళ్ల తప్పేముంది? బయట నేపథ్య సంగీతం ఉండదు కదా.

అసలు తప్పు వికలాంగులదేనని నా నిశ్చితాభిప్రాయం. సినిమా ఇన్నేళ్లుగా విడమరిచి చెబుతున్నా నేర్చుకోరే! చూపు లేకపోతే వేణువు వాయించాలి, లేదా పదిమందిని మట్టి కరిపించాలి. మాట రాకపోతే నాట్యం వచ్చితీరాలి. ఏదీ రాకపోతే కమెడియన్ పక్కన నిలబడి నత్తిగా మాట్లాడాలి. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా వాళ్ల శాఖకు 'విభిన్న ప్రతిభావంతులు' అని పేరు పెట్టింది. ప్రతిభ లేనివాళ్లు ఏ శాఖకు పోవాలో చెప్పలేదు.

లెక్కల్లో మాత్రం ప్రభుత్వం సినిమా వాళ్ల దగ్గర పాఠం చెప్పించుకోవాలి. 1995 చట్టంలో 7 రకాలుగా ఉన్న వైకల్యాలను 2016 చట్టంలో 21 చేశారు. సినిమాకు నాలుగు చాలు. అందులో తలకు దెబ్బ తగిలి గతం మర్చిపోవడం ఒకటి. మళ్లీ దెబ్బ తగిలితే నయమయ్యే ఇంత గొప్ప జబ్బు చట్టంలో లేనేలేదు!

నిజంగా కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ చేతనే 'మయూరి' సినిమాలో కాలు పోయిన నర్తకి పాత్ర వేయించారు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. మా పాత నెల్లూరు జిల్లా మనిషి, ఆమాత్రం మొండితనం ఉంటుంది. అందరూ అలా తీస్తే, కళ్లున్న హీరోలు నల్లద్దాలు పెట్టుకుని అవార్డులు కొట్టేదెట్టా?

మా మేనమామది కనిగిరి పక్క పల్లె. మెడ తిరగదు. గడ్డం గుండెకు ఆనదు. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషే తిరగాలి. బావి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని ఇలా బిగించేస్తుందని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది ఈ పక్కనే. అప్పట్లో ఇది నెల్లూరు జిల్లా. 1970లో జిల్లా మారింది, బోరు నీళ్లు మారలేదు.

ఆయన కథను సినిమాల్లో పనిచేసే ఒక మిత్రుడికి వినిపించాను.

"యాక్సిడెంట్ ఎక్కడ?"

"లేదు. నీళ్లు తాగాడు."

"విలన్?"

"బోరు."

"క్లైమాక్స్‌లో లేచి నిలబడతాడా?"

"నిలబడే ఉన్నాడు. కూర్చోవడమే కష్టం."

వర్కవుట్ కాదన్నాడు.

మనసు ఊరుకోక మామను సినిమాకు తీసుకెళ్లాను. మెట్లెక్కించేసరికి పేర్లు అయిపోయాయి. చివర్లో హీరో చక్రాల కుర్చీ లోంచి లేచాడు. ఈలలు, కాగితాలు, కన్నీళ్లు. మామ మొత్తంగా నా వైపు తిరిగి అడిగాడు.

"ఆయన ఏ ఊరి నీళ్లు తాగాడు అల్లుడూ?"

వెనక వరసలో కళ్లు తుడుచుకుంటున్న ఒకాయన అరిచాడు.

"ఓ పెద్దాయనా! తెర కనపడట్లా, కాస్త తల దించు!"