ఊపి చూశాం, కదల్లేదు!

లోహం బలం తేల్చడానికి సాగదీసే పరీక్ష ఉంది, గట్టిదనం చూసే పరీక్ష ఉంది, లక్షలసార్లు వంచి చూసే అలసట పరీక్ష ఉంది. వీటన్నిటినీ ఒక్క దెబ్బతో మూలకు నెట్టిన మహత్తర పరీక్ష ఇంకొకటుంది. చేత్తో ఊపి చూడటం! ఇంజిన్ పక్కన రెండో బ్యాటరీ పెట్టుకోవాలని ముచ్చటపడి, దాన్ని మోసే ఇనప చట్రం, అదే బ్రాకెట్, సొంతంగా చేయించుకున్న ప్రతివాడూ ఈ పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనవాడే. ఫెయిలైన వాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ తంతు చూసి తరించాల్సిందే. పరీక్షాధికారి ముందుగా చొక్కా చేతులు మడుస్తాడు. ఎడమచెయ్యి ఫెండర్ మీద ఆనిస్తాడు. కుడిచేత్తో బ్యాటరీ నెత్తి పట్టుకుని రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊపుతాడు. ఆగుతాడు. చెవులు రిక్కిస్తాడు. మూడోసారి పళ్ళు బిగించి మరీ ఊపుతాడు. తల ఎత్తకుండానే "కదల్లేదు" అని తీర్పు చెప్తాడు. పక్కనున్న వాళ్ళలో ఒకడికి నమ్మకం కుదరదు. "ఉండన్నా, నేను చూస్తా" అని తనూ ఓ పట్టు పడతాడు. బావమరిది కూడా ఊపుతాడు, ఊపకపోతే మర్యాదగా ఉండదు కాబట్టి. వెల్డింగ్ చేసినాయన మాత్రం ఊపడు. కాస్త ఎడంగా నిలబడి "ఏనుగెక్కినా ఏం కాదు సార్" అంటాడు. ఏనుగు అందుబాటులో లేదు గనక ఆ మాట అక్కడికక్కడే రుజువైపోయినట్టు లెక్క. ఇంతా చేసి నిజానికి ఊగింది బండి. సస్పెన్షన్ మీద బండి మొత్తం ఊగింది, బ్యాటరీ దాంతోపాటు ఊగింది, ఫెండర్ మీదున్న ఎడమచెయ్యీ దాంతోపాటే ఊగింది. అన్నీ కలిసి ఊగితే కదిలినట్టు ఎవరికి కనబడుతుంది?

కిందికి వంగి మాత్రం ఎవరూ చూడరు. అక్కడ నాలుగు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు (నట్టు లేకుండా రేకులోనే మర కోసుకుని దిగేవి), ఒక మిల్లీమీటరు కూడా మందం లేని రేకుని కరుచుకుని వేలాడుతుంటాయి. ఆ మందంలో స్క్రూ మరకి దొరికే పట్టు ఒక్క చుట్టు. తాటాకు గోడకి ఇనప్పెట్టె తగిలించినట్టన్నమాట.

ఊపుడు శాస్త్రజ్ఞులు క్షమిస్తే చిన్న లెక్క. బ్యాటరీ బరువు 20 కిలోలు అనుకుందాం. దాని బరువు కేంద్రం, బ్రాకెట్ బిగించిన గోడకి 150 మి.మీ. ఇవతల ఉందనుకుందాం. బండి ఆగి ఉన్నప్పుడే గోడ దగ్గర మెలిపెట్టే బలం సుమారు 30 న్యూటన్ మీటర్లు. గుంతలో దభీమని పడినప్పటికి ఐదు రెట్లు వేసుకుంటే 150. పై బోల్టుల వరసకీ కింది వరసకీ మధ్య ఎడం 60 మి.మీ. అయితే, పై వరస మీద పడే లాగుడు 2,500 న్యూటన్లు. అంటే రమారమి 250 కిలోలు. అదే ఎడం 150 మి.మీ. చేస్తే 100 కిలోలకి దిగుతుంది. దానికి తోడు బ్యాటరీ అవతలి అంచు కింద ఒక ఊతకాలు పెట్టి దాన్ని గట్టి చోట బిగిస్తే, వేలాడే బ్రాకెట్ కాస్తా కూర్చునే బ్రాకెట్ అవుతుంది. ఇందులో ఎక్కడా మందం ప్రసక్తి రాలేదు, గమనించారా?

మన భక్తంతా మాత్రం మందం మీదే. "6 ఎంఎం ప్లేటు వేయించా" అని చెప్పుకోవడంలో ఉన్న ఠీవి 3 ఎంఎంలో రాదుగా! బ్యాటరీ కూర్చునే 300కి 180 మి.మీ. ట్రే అడుగు 6 మి.మీ. ప్లేటుతో చేస్తే అదొక్కటే రెండున్నర కిలోలు. ఆ బరువు మోసేదీ పైన చెప్పిన పల్చటి రేకే. అడుగుకి 3 మి.మీ. మైల్డ్ స్టీల్ చాలు. చుట్టూ 25 మి.మీ. అంచు మడిచి, కింద 25×25×3 యాంగిల్ (ఎల్ ఆకారపు కడ్డీ) వేసి, మడత మూలల్లో గస్సెట్లు, అంటే ఊతమిచ్చే త్రికోణపు ముక్కలు పెడితే అది చేసే పని 6 మి.మీ. బల్లపరుపు ప్లేటు చెయ్యలేదు. బోల్టులు ఎం8 (8 మి.మీ. లావు), 8.8 గ్రేడు (గట్టి ఉక్కు రకం), నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి). రేకు మీద బిగించక తప్పకపోతే వెనక 50×50×3 ప్లేటు పెట్టాలి, ఉత్త వాషర్ చాలదు. పెట్టె ఆకారంలో బోలుగా ఉన్న దూలానికి అడ్డంగా బోల్టు దూర్చితే లోపల స్లీవ్ (గొట్టం ముక్క) ఉండాలి. లేకపోతే బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, బిగువు నిలవదు. వీటన్నిటికంటే ముందు, కంపెనీ వాళ్ళు వదిలిన మరలున్న బెజ్జాలు ఎక్కడున్నాయో వెతకాలి. బండికి కొత్తగా బెజ్జం పొడవటం ఆఖరి మార్గం. కానీ డ్రిల్లు చేతిలో ఉన్నవాడికి అది మొదటి సరదా.

అట్ట మీద నమూనా కోసి చూడమంటే అదో అవమానం. "అట్టముక్కలతో ఆటలాడే వయసా సార్ మనది?" అందుకని నేరుగా ఇనుమే కోస్తారు, కోసింది ఏసీ పైపుకి తగిలితే గ్రైండర్‌తో చెక్కుతారు, చెక్కింది పల్చబడితే పైన ఇంకో ముక్క అతుకుతారు. చివరికి తయారయ్యేదాన్ని బ్రాకెట్ అనాలో గాయానికి కట్టు అనాలో తెలీదు. అట్ట నమూనాలో బ్యాటరీ కొలతల పెట్టెను కూర్చోబెట్టి, టెర్మినల్ ఉండే చోట మట్టిముద్ద పెట్టి బానెట్ మూసి తెరిస్తే, నొక్కుకున్న ముద్ద మందమే మిగిలిన ఎడం. 20 మి.మీ. ఉంటే హాయి, 10 లోపైతే ఆ చోటు వదిలెయ్యాల్సిందే. ఇంజిన్ వైపు కనీసం 25 ఉంచాలి, ఎందుకంటే ఇంజిన్ తన రబ్బరు మౌంట్ల మీద పక్కకి ఒరుగుతుంది. ఆగి ఉన్న ఇంజిన్ పక్కన టేపు పెట్టి కొలిచేవాళ్ళకి ఈ సంగతి పట్టదు. ఇంజిన్ పొగ బయటికి వచ్చే వేడి గొట్టాలు, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, పక్కనే ఖాళీ ఉందని అక్కడే పెట్టేవాళ్ళది ఇంకో తెగ. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడుతుంది.

ఇంకో అద్భుతం ఉంది, రెండు కాళ్ళ బ్రాకెట్. ఒక కాలు బాడీ మీద, ఇంకో కాలు ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద. ఛాసిస్ మీద బాడీ రబ్బరు మౌంట్లపై కూర్చునే బండిలో ఆ రెండూ విడివిడిగా కదులుతాయి. కదలడానికే ఆ రబ్బరు. రెండిటినీ ఇనుముతో కట్టేస్తే వెల్డు అంచున పగులు మొదలవుతుంది. ముందు రంగు మీద వెంట్రుక మందాన తుప్పు గీత వస్తుంది, అంతే. దాన్ని మురికి అనుకుని గుడ్డతో తుడిచేస్తారు. ఊపి చూస్తే, చెప్పేదేముంది, కదలదు!

బ్యాటరీ ఎగరకుండా పట్టి ఉంచే పైకట్టు విషయంలో మనవాళ్ళ సృజనకి హద్దుల్లేవు. సాగే తాడు, జిప్ టై, సైకిల్ ట్యూబు. ఇవేవీ కాకుండా ఇనప పట్టీ వేస్తే, అది సరిగ్గా పాజిటివ్ టెర్మినల్ పక్కనుంచి, పైన ఏ తొడుగూ లేకుండా. అడుగు పట్టుకునే క్లాంపో, అంచుల మీద బరువు పడేలా పట్టీ వేసి రెండు జె-బోల్టులో (కొస కొక్కెంలా వంగిన బోల్టులు) వాడితే పోయేదానికి! డబ్బా మధ్యలో బిగించి పొట్ట నొక్కేస్తే డబ్బా పగులుతుంది.

సరే, ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది ఒక్కటే, రెండు బ్యాటరీల్నీ కలిపే కేబుల్ గురించి చెప్పే మాట: "ఫ్యూజ్ తర్వాత పెడదాం సార్, కేబుల్ పొట్టిదే కదా". పొట్టిదైతే ఏంటి? స్టార్టర్ బ్యాటరీ షార్టయితే వెయ్యి ఆంపియర్లకి పైగా కక్కగలదు. బ్రాకెట్ జారి, కేబుల్ ఆ గ్రైండర్ కోసిన పదునైన అంచుకి ఒరుసుకుని, తోలు ఊడి బాడీకి తగిలితే, అది మాడిపోవడానికి పొడుగెంతో అడగదు. రెండు బ్యాటరీలున్నాయంటే కేబుల్‌కి రెండు కొసలా కరెంటు ఉన్నట్టే. కాబట్టి రెండు పాజిటివ్‌ల దగ్గరా, జానెడు దూరం దాటకుండా, చెరో ఫ్యూజ్ ఉండాలి. ఒక్కటి పెట్టి చేతులు దులుపుకోవడం కాదు. ఈ ముక్క తెలిసిన మనిషే పదునైన అంచుకి రబ్బరు వెయ్యకుండా, టెర్మినల్‌కి టోపీ పెట్టకుండా, "లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి" అని బండి అప్పగిస్తున్నాడు. ఆ బండిలో వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని రాత్రంతా నడుపుతారయ్యా! బానెట్ కింద మంట అంటుకుంటే వాళ్ళని దింపడానికి ఎంతసేపు దొరుకుతుందో ఎవరైనా హామీ ఇస్తారా? ఇది పనితనం లోపం కాదు, నేరం. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందు రెయిల్ మీద వెల్డింగ్ పెట్టేవాళ్ళదీ అదే బాపతు. గట్టి ఉక్కుని కాల్చి మెత్తబరిచి, "స్ట్రాంగ్ చేశాం" అంటారు.

వెల్డింగ్ ట్రే మీదే, బండి బయటే కానివ్వండి. బండి మీద తప్పదంటే రెండు బ్యాటరీలూ విప్పి దూరంగా పెట్టి, వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లాంప్ వెల్డు పక్కనే తగిలించండి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) బతికి బట్టకడుతుంది. ట్రేలో నీళ్ళు పోయే బెజ్జం, అడుగున 3 మి.మీ. రబ్బరు, ఎపాక్సీ ప్రైమర్ మీద రంగు. ఎం8 బోల్టులు 25 న్యూటన్ మీటర్లకి బిగించి నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదికి పెయింటు గీత గియ్యండి. 500 కిలోమీటర్లు తిరిగాక టార్చి వేసి ఆ గీతలూ, వెల్డు అంచులూ చూడండి. అంతగా ఊపాలని చేతులు దురదపెడితే, ఎడమచెయ్యి ఫెండర్ మీద నుంచి తీసి బ్రాకెట్ కాలు దగ్గర, రేకుకీ బోల్టుకీ మధ్య వేలు పెట్టి ఊపండి.