మహారాజశ్రీ బాబీ పిన్ను గారి సముఖమునకు

అయ్యా,

గత శనివారం సాయంత్రం దాదాపు రెండున్నర గంటలపాటు మీ సేవలు పొందిన ఒక తలకాయ యజమానురాలు సవినయంగా రాసుకుంటున్న లేఖ ఇది. 1940ల నాటి వేషధారణతో రమ్మని ఒక స్నేహితురాలు విందుకు పిలవగా, ఆ కాలపు విక్టరీ రోల్స్‌ను ఇంట్లోనే, ఎవరి సాయమూ లేకుండా, నా చేతులతోనే వేసుకోవాలని సంకల్పించడం నా స్వయంకృతమే. నుదుటికి ఇరువైపులా జుట్టును పైకి చుట్టి రెండు గొట్టాల్లా నిలబెట్టే ఆ అలంకరణను పాత ఫొటోలలో ఎంత పరికించి చూసినా ఒక్క పిన్ను జాడ కూడా కనిపించలేదు. కనిపించకపోవడమే మీ వృత్తిధర్మమని నాకు అప్పటికి బోధపడలేదు. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనన్న పెద్దలు, ఆ ముడి నిలవడానికి మీవంటి వారు ఎందరు కావాలో చెప్పకుండానే తప్పుకున్నారు.

పని మొదట్లో మీరు ఎంతో మర్యాదగా ప్రవర్తించారని ఒప్పుకోవాలి. పక్క పాపిట తీసి, చెవి పైనుండే పాయను విడదీసి, దువ్వెనను కొసల నుంచి కుదుళ్ళ వైపు ఎదురు నడిపించి, జుట్టును లోపల గూడులా చేశాను. ఇలా ఎదురు దువ్వితే వెంట్రుకల పైపొరలోని పొలుసులు రేగి ఒకదానినొకటి పట్టుకుంటాయి. జుట్టుకు అది హితం కాదు గానీ, చుట్టకు ఒళ్ళు వచ్చేది దానివల్లనే. ఆపైన పైభాగాన్ని మాత్రం నునుపుగా దువ్వి, కొసను రెండు వేళ్ళకు చుట్టి, తల వరకు దొర్లించుకుంటూ వచ్చి, వేళ్ళను మెల్లగా బయటికి లాగి, చుట్ట కూలిపోయేలోగా మిమ్మల్ని దాని కడుపులోంచి దూర్చాలి. ఇందుకు కనీసం మూడు చేతులు కావాలి. నాకున్నవి రెండే కనుక మూడో చేతి పని నా పళ్ళకు అప్పగించాను. మీ నోరు తెరవడానికి నా నోటిని వాడుకున్నందువల్ల, తలుపు బయట నిలబడి "ఇంకా ఎంతసేపు?" అని మావారు అడిగినప్పుడు అయిదు పిన్నుల మధ్య నుంచి నేను ఇచ్చిన సమాధానం ఆయనకు అర్థం కాకపోవడమే మా దాంపత్యానికి మంచిదయింది. పళ్ళతో తెరిస్తే మీ బిగువు పోతుందని, కొనలకుండే మెత్తని బొడిపెలు ఊడి ఆ తర్వాత మాడును గీరతారని నాకు తెలియనిది కాదు. అద్దంలో కుడిచేయి ఎడమవుతున్న ఆ ఘడియలో అంత దూరదృష్టి ఎవరికి ఉంటుంది?

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. మీకు రెండు కాళ్ళున్నాయి: ఒకటి తిన్ననిది, ఒకటి వంకర్లు తిరిగినది. ఊహ తెలిసిననాటి నుంచి ఆ వంకర్లను అందం కోసమనుకుని, నలుగురికీ కనబడేలా పైకి తిప్పి పెట్టుకుంటూ వచ్చాను. ఆ కాలు మాడు వైపు ఉండాలనీ, ఆ మెలికలే వెంట్రుకలను పట్టి ఉంచుతాయనీ మొన్ననే తెలిసింది. ఇన్నేళ్ళుగా తలకిందులుగా ఉద్యోగం చేస్తూ కూడా మీరు నోరు విప్పలేదు. వీలైనప్పుడల్లా నిశ్శబ్దంగా జారిపోయి ఊరుకున్నారు. దీన్ని సహనమనాలో కక్ష అనాలో తేల్చుకోలేకపోతున్నాను. తలస్నానం చేసిన రోజున మీరు నిలవరని, ఒక రోజు ముందు కడిగిన జుట్టులోనే మీకు కాలూనడం తెలుసునని, ఒంటరిగా ఓడిపోయే మీరు మరొక పిన్నుతో కత్తెర వేసినట్టు అడ్డంగా కలిస్తే మాత్రం కదలరని కూడా ఆ రోజే నేర్చుకున్నాను. నేనేమో ప్రత్యేక సందర్భమని ఆ ఉదయమే తలంటు పోసుకున్నాను.

మీ వంశ చరిత్ర కూడా నాకు కొంత తెలుసు. 1920లలో స్త్రీలు జుట్టును చెవుల దాకా కత్తిరించుకున్నప్పుడు, ఆ బాబ్ కత్తిరింపు పేరే తగిలించుకుని పేరుప్రతిష్ఠలు సంపాదించారు. పొడుగు జుట్టు పోయిందని దువ్వెనలు దిగులుపడిన కాలంలో మీకు రాజయోగం పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి లోహమంతా ఆయుధాలకు మళ్ళినప్పుడు అమెరికాలో మీ తయారీకి పరిమితులు విధించారు. కర్మాగారాల్లో చేరిన స్త్రీల జుట్టు యంత్రాల్లో చిక్కుకుంటోందని, ఒక కంటిపై జారే కురులకు ప్రసిద్ధురాలైన నటి వెరోనికా లేక్ చేత 1943లో జుట్టు పైకి కట్టించి ప్రచారం చేసిందీ ఆ రోజుల్లోనే. అంటే, జుట్టంతా పైకెత్తి కట్టాల్సి వచ్చిన కాలంలోనే మీరు కరువయ్యారు. ఉన్న నాలుగు పిన్నులనే దాచుకుని వాడుకుంటూ ఆ స్త్రీలు చుట్టలు నిలబెట్టుకుని పనికి వెళ్ళారు. అట్టల కొద్దీ మీరు నా ముందు కొలువుతీరి ఉండగా, నాకు ఒక్క చుట్ట కుదరడానికి నాలుగు ప్రయత్నాలు పట్టాయి.

అందులోని కిటుకు మీరు నాకు చెప్పి ఉండవచ్చు. వారు ముందు రాత్రే తడి జుట్టును చిన్న చిన్న ఉంగరాలుగా చుట్టి, ఒక్కొక్క దాన్నీ మాడుకు అదిమి పిన్ను పెట్టి, గుడ్డ కట్టుకుని పడుకునేవారు. తడిసిన వెంట్రుకలో కెరాటిన్ అనే ప్రోటీన్ పోగుల మధ్యనున్న హైడ్రోజన్ బంధాలనే బలహీనమైన ముడులు విడిపోతాయి; ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే అవి మళ్ళీ కుదురుకుంటాయి. తెల్లవారి విప్పి దువ్వేసరికి జుట్టుకే ఒంపు అలవాటై ఉంటుంది గనుక పిన్నుకు కాపలా తప్ప కుస్తీ ఉండదు. నేను రాత్రి చేయవలసిన పనిని ఎగ్గొట్టి, సాయంత్రం ఆ లోటంతా మీ నడుము మీద మోపాను. ఇది నా వైపు నుంచి ఒప్పుకోలుగా భావించవచ్చు గానీ, మీ మీది ఫిర్యాదును మాత్రం ఉపసంహరించుకోవడం లేదు.

విందులో ఎడమ చుట్ట చివరిదాకా నిలిచింది. కుడిది మొదటి గంటలోనే మెత్తబడి, కాసేపు చెవి మీద విశ్రమించి, ఆ తర్వాత భుజం దాకా దిగివచ్చింది. ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి, ఈ ఒంటి చుట్ట అలంకరణ ఏ సంవత్సరం నాటిదని ఎంతో ఆసక్తిగా అడిగారు. 1944 అని చెప్పాను. ఆమె నమ్మారు.

ఇంటికి వచ్చాక లెక్క చూసుకున్నాను. పెట్టుకునేటప్పుడు లెక్కబెట్టినవి 34, తీసినవి 33. ఒకరు ఎప్పటిలాగే పరారయ్యారనుకుని నిద్రపోయాను. తెల్లవారి దిండు మీద ఇద్దరు దొరికారు. ఆ ముప్పై అయిదోవారు ఎవరో, నా తలలో ఎన్నాళ్ళుగా కాపురం ఉంటున్నారో, దయచేసి తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
మాడు ఇంకా మండుతున్న
మీ విధేయురాలు