కా దారియో శాపం: ముందు ఎవరెక్కడ పోయారో చూడండి

వెనిస్‌లో గ్రాండ్ కెనాల్ ఒడ్డున కా దారియో అనే మేడ ఉందనీ, కొన్నవాళ్లనల్లా మింగేస్తోందనీ చెప్పే ఫార్వర్డు మళ్లీ తిరుగుతోంది. పంపేవాళ్లు మారుతున్నారు, తప్పులు మాత్రం అవే.

“ఎదురుగా నీళ్లు, వాస్తు దోషం.” వెనిస్‌లో వాస్తు చూసేవాడికి పస్తే.

“శాపం వల్లే పక్కకి ఒరిగింది.” ఒరిగిన మాట నిజం. అక్కడ బురదనేలలో కర్రగుంజలు దగ్గరదగ్గరగా దిగ్గొట్టి, పైన చెక్కలు పరిచి, నీరు పీల్చని ఇస్ట్రియా రాయి వేసి, దాని మీద ఇటుక గోడ లేపుతారు. గాలాడని బురదలో కర్ర అంత తొందరగా పుచ్చదు గానీ, నేల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది. సాంతో స్తెఫానో చర్చి గంటగోపురమూ ఒరిగింది. దాన్నెవరు శపించారో!

“ఇంగ్లీషు పండితుడు రాడన్ బ్రౌన్ ఈ ఇంట్లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.” అన్నిట్లోకీ సిగ్గుమాలిన ముక్క ఇది. ఆయన 1838లో కొన్నాడు, బాగుచేయించే స్తోమత లేక 1842లో అమ్మేశాడు. తర్వాత వెనిస్ దస్తావేజుల్లో ఇంగ్లండు ప్రస్తావనలన్నీ వెతికి, సంపుటాలుగా కూర్చాడు. మొదటిది 1864లో అచ్చయింది. పోయింది 1883లో, డెబ్బై దాటాక. చచ్చాక ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దాడా?

జాబితాలో తర్వాతివాళ్లూ ఈ ఇంటి యజమానులే. ఇటలీ పారిశ్రామికవేత్త రావుల్ గార్దీని 1993లో కాల్చుకున్నది మిలాన్‌లో, ఎనిమోంట్ అనే రసాయనాల కంపెనీ లంచాల కేసు మెడకు చుట్టుకున్నప్పుడు. శాపమంటే ఆ లంచాల ఊసే ఉండదు, ఎంత హాయి! ‘ది హూ’ అనే ఇంగ్లీషు రాక్ బృందం మేనేజరు కిట్ లాంబర్ట్ 1981లో లండన్‌లో తల్లి ఇంటి మెట్ల మీంచి పడి పోయాడు. ఈ ఇంటి మెట్లు కావు.

జాబితాలో లేనిది చూడండి. ఇల్లు కట్టించిన జొవాన్ని దారియో 1494లో పోయాక ఇల్లు అల్లుడి వంశం బార్బరోలకు చేరి, 19వ శతాబ్దం మొదటిదాకా వాళ్ల దగ్గరే ఉంది. మూడు వందల ఏళ్లు! అన్ని తరాల్లో శాపానికి బలయ్యారని చెప్పడానికి ముగ్గురి పేర్లే దొరికాయా?

రెండు ఒప్పుకోవాలి. 1970లో అప్పటి యజమాని, ఒక కౌంట్, ఈ ఇంట్లోనే హత్యకు గురయ్యాడు. రెండోది, ముఖద్వారం వైపు చెక్కిన “ఉర్బిస్ గెనియో యోఆన్నెస్ దారియుస్” (నగర దేవతకు జొవాన్ని దారియో) అక్షరాలు కలిపితే “సుబ్ రుయినా ఇన్సిదియోసా గెనెరో” వస్తుందన్నది. ఒక్కొక్కటీ లెక్కపెడితే లాటిన్ లిపిలో 23కి 23 సరిపోయాయి. అర్థం “మాయదారి వినాశనం తెస్తాను” లాంటిదే. కానీ ఇంటిని శపించదలచినవాడు గోడ మీద తన పేరే చెక్కించుకుంటాడా?