యుద్ధం మీద కోపముంటే ఢిల్లీని అడగండి, మా తమ్ముణ్ణి వదిలేయండి

మధ్యాహ్నం బంధువుల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర జరిగింది. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, సెలవు మీద వచ్చాడు. పంక్తిలో వాడికి అటు ఒక మామయ్య, ఇటు వరసకు బావ అయ్యే సాఫ్ట్‌వేర్ మేధావి. పప్పు వడ్డించేలోపే మామయ్య అందుకున్నాడు. "ఏరా, ఆపరేషన్ సిందూర్ అప్పుడు నాలుగు రోజులకే ఆపేశారేంట్రా? ఇంకో వారం కొట్టుంటే లాహోర్ మనదే కదా!" పాకిస్తాన్‌తో జరిగిన ఆ పోరులో 2025 మే 10న కాల్పులు ఆపమని మా వాడే ఫోన్ చేసి ఆర్డరిచ్చినట్టు. వాడు నోరు తెరిచేలోపు బావగారు తగులుకున్నారు. "అదంతా ఓట్ల రాజకీయం మామయ్యా. అయినా వీళ్ళు వెళ్ళేది జీతానికే కదా, త్యాగం గీగం అని ఊరికే ఊదరగొడతారు."

వాడు నవ్వేసి సాంబారు కలుపుకున్నాడు. మండింది నాకు.

అవును బావా, జీతానికే వెళ్ళాడు. నువ్వు హైటెక్ సిటీకి దేశసేవ చేయడానికి వెళ్తున్నావా? నీ జీతంలో షెల్లింగ్ లేదు, అంతే తేడా. నీ సర్వర్ పడిపోతే టికెట్ వేస్తారు. వాడి పోస్టు మీద ఏదైనా పడితే మా ఇంటికి ఫోన్ వస్తుంది. యుద్ధం వద్దనే హక్కు నీకుంది. నాకూ వద్దు, సరిహద్దులో మనిషి ఉన్న ఏ ఇంట్లోనూ యుద్ధం కావాలని కోరుకోరు. కానీ ఆ మాట ఎంపీని అడుగు, మంత్రిని అడుగు. సెలవు మీద వచ్చి గారెలు తింటున్న కుర్రాణ్ణి పట్టుకుని విదేశాంగ విధానం మీద సంజాయిషీ అడుగుతావేంటి?

మామయ్య సంగతి ఇంకా ఘోరం. 2025 మేలో ఆ రాత్రుళ్ళు మా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. మన చానళ్ళు స్టూడియోలో సైరన్లు మోగించుకుంటూ కరాచీ పోర్టును రాత్రికి రాత్రి తగలబెట్టేశాయి. తెల్లారి చూస్తే పోర్టు పోర్టులాగే ఉంది. మామయ్య మాత్రం ఆ వీడియోలన్నీ గ్రూపుల్లో తోస్తూనే ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే నియంత్రణ రేఖ దగ్గర మన మురళీ నాయక్ పోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. ఒక్కగానొక్క కొడుకు, అగ్నివీర్, అంటే నాలుగేళ్ళకే తీసుకునే సైనికుడు. అప్పుడు అందరూ స్టేటస్‌లు పెట్టారు, కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. బాగానే ఉంది. మరి అగ్నివీర్ పోతే ఆ ఇంటికి మామూలు జవాను కుటుంబానికి వచ్చే పెన్షన్ రాదని ఆ కొవ్వొత్తులు పట్టుకున్న వాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఇన్సూరెన్స్, ఎక్స్‌గ్రేషియా కలిపి పెద్ద మొత్తమే ఇస్తారు, కాదనను. నెలనెలా వచ్చేది మాత్రం లేదు. దాని గురించి ఎవరైనా స్టేటస్ పెట్టారా?

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ గుర్తుందా? ఆర్మీ పరీక్ష కోసం ఏళ్ళ తరబడి గ్రౌండులో పరుగులు తీసిన పిల్లలు, చివరికి ఈ అగ్నివీర్ పద్ధతి తెచ్చి, నాలుగేళ్ళ ఉద్యోగం, తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుకుంటాం అంటే మండిపోయారు. రైళ్ళు తగలబెట్టడం తప్పే. కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు కూడా. ఆ రోజు ఈ మామయ్యే "వెధవలు, కాల్చిపారెయ్యాలి" అన్నాడు. యూనిఫాం వేసుకుంటే దేవుడు, వేసుకోవాలని ఆశపడితే వెధవ.

ఇది ఈనాటి జబ్బు కూడా కాదు. శ్రీలంకలో అక్కడి ప్రభుత్వానికీ తమిళ పులులకీ మధ్య గొడవ ఆపడానికని మన ప్రభుత్వం పంపిన శాంతి సేనలో మా పెదనాన్న వెళ్ళొచ్చాడు. 1987లో మొదలైన ఆ వ్యవహారంలో దాదాపు 1,200 మంది మనవాళ్ళు చనిపోయారు. అసలు అక్కడికి వెళ్ళడమే తప్పని పెదనాన్నే అంటాడు. పంపిందెవరు? ప్రభుత్వం. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగితే అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం పలకడానికి వెళ్ళనన్నాడు. మన సేన ఉన్నప్పుడు అక్కడి తమిళుల మీద జరిగిన దానికి ఆయన కోపం ఆయనది, ఆ కోపంలో న్యాయం లేదని నేననను. కానీ ఆ కోపం ఓడ దిగుతున్న సిపాయి మీద చూపించాలా? అక్కడ చనిపోయిన మనవాళ్ళ పేర్లతో శ్రీలంక వాళ్ళు కొలంబో దగ్గర ముందే స్మారకం కట్టారు. ఢిల్లీలో మన జాతీయ యుద్ధ స్మారకం తెరిచింది 2019లో. ఎవరి సైనికులు, ఎవరు ముందు తలుచుకున్నారు!

(పెదనాన్నకు మాజీ సైనికుడిగా ఇచ్చిన భూమికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోవడానికి ఆయన ఒక ఆఫీసు చుట్టూ ఎన్ని చెప్పులు అరగదీశాడో ఇంకో పోస్టు రాస్తా. అందులో బూతులు ఉంటాయి.)

ఇక అసలు మంట చెప్తా. లాహోర్ మామయ్య చేతులు కడుక్కుని వచ్చి మా వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి అడిగిందేమిటో తెలుసా? "మిలిటరీ కాంటీన్‌లో రమ్ము రెండు ఇప్పిస్తావా?" ఈ దేశంలో ప్రతి మిలిటరీ ఇంటికీ ఈ భక్తుల బెడద ఉంటుంది. ఉన్నవాళ్ళు చెప్పండి, అబద్ధమా?

ఈ మామయ్యే రెండేళ్ళ క్రితం మా తమ్ముడికి వాళ్ళ పక్కింటి అమ్మాయి సంబంధం తనే తెచ్చి, తనే చెడగొట్టాడు. "కుర్రాడు బంగారం, కానీ మిలిటరీ కదమ్మా, రేపు ఏదైనా అయితే? పైగా ఏడాదికి రెండు మూడు నెలలేగా ఇంట్లో ఉండేది" అని అమ్మాయి తండ్రి చెవిలో ఊదాడట. ఆ తండ్రి మాత్రం ఆగస్టు 15కి కారు మీద జెండా కట్టుకుని ఊరంతా తిరుగుతాడు. వీరుడు కావాలి, వాడు పక్కింట్లో పుట్టాలి, అల్లుడు మాత్రం ఐటీలో ఉండాలి. మా గిద్దలూరు వైపు మిలిటరీ కుర్రాళ్ళున్న ఇళ్ళలో అడగండి, సంబంధాల కోసం ఎంత తిరుగుతున్నారో చెప్తారు.

కింద కామెంట్లలో "అంటే ప్రశ్నించకూడదా అక్కా" అని మొదలుపెట్టకండి, పైన రాసింది మళ్ళీ చదవండి. ఈ పోస్టు మామయ్య చూస్తాడని తెలుసు. బావ కూడా చూస్తాడు. చూడనివ్వండి, ఈసారి డిలీట్ చెయ్యను.